పాత నికెల్ రివాల్వర్: ఏ తూటా కొనాలి, దేంతో తుడవాలి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల లైసెన్సు ఉన్న పాత ఇళ్లలో వెండిలా మెరిసే రివాల్వర్ ఒకటి బీరువాలో ఉండటం అంత వింతేమీ కాదు. పొగాకు వ్యాపారం చేసిన తాతగారిదో, మునసబుగా పనిచేసిన పెదనాన్నగారిదో అయి ఉంటుంది. ఆయన పోయాక లైసెన్సు కొడుకు పేరుకో మనవడి పేరుకో మారుతుంది. అక్కడినుంచి సందేహాలు మొదలు. దీనికి ఏ తూటా పడుతుంది? దొరికేవాటిలో ఏది నయం? ఆ మెరుపు పోకుండా దేంతో తుడవాలి?

తూటా సంగతి ఒకరిని, తుడిచే సంగతి ఇంకొకరిని అడుగుతుంటారు. నిజానికి రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నవే. రాగి తొడుగు ఉన్న తూటా కాలిస్తే బారెల్‌లో రాగి పేరుకుంటుంది. ఆ రాగిని కరిగించే మందుల్లో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. అమ్మోనియా పాత నికెల్ పూతకు శత్రువు. సీసం తూటా వాడితే ఈ గొడవంతా మొదట్లోనే తప్పిపోతుంది. అందుకే నా ఎంపిక మామూలు ఒత్తిడి ఉన్న సీసం తూటా, అమ్మోనియా లేని తేలికపాటి నూనె. ఇది ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ మార్చుకోవాలి అన్నదే మిగతా కథ.

తూటా కంటే ముందు కాగితం

లైసెన్సుదారు చనిపోయాక ఆయన ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకునే హక్కు మిగతావాళ్లకు ఉండదు. "దినకర్మలు అయ్యాక చూద్దాంలే" అనుకోకుండా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. 2016 ఆయుధ నిబంధనల్లో వారసులకు లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉంది, దరఖాస్తు దాని కింద పెట్టుకోవచ్చు. 2019 చట్ట సవరణ తర్వాత ఒకరి పేరు మీద రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. లైసెన్సు గడువు మాత్రం 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. అప్పటికే పేరు మీద పన్నెండు బోర్ తుపాకీ, ఒక రైఫిల్ ఉన్నవాళ్లకు ఈ రివాల్వర్ మూడోది అవుతుంది కాబట్టి ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

లైసెన్సు పుస్తకంలో ఏ బోర్ (ఏ సైజు తూటా పడుతుందన్న అంకె) రాసి ఉందో, ఎన్ని తూటాలకు అనుమతి ఉందో చూసుకున్నాకే దుకాణానికి వెళ్లండి. పుస్తకంలో ఒకటి, బారెల్ మీద చెక్కింది ఇంకొకటి అయితే ముందు దాన్ని అధికారుల దగ్గర సరిచేయించుకోవాలి. పాత పుస్తకాల్లో గుమస్తా చేతిరాతలో ఇలాంటి తేడాలు దొర్లుతుంటాయి.

పాయింట్ 32 అంటే ఒకటి కాదు

మన వైపు ఇళ్లలో ఉండే రివాల్వర్లలో ఎక్కువ భాగం 32 బోర్‌వే. అసలు చిక్కు కూడా ఇక్కడే. "పాయింట్ 32 తూటాలు కావాలి" అని అడిగితే మంచి డీలర్ ఎవరైనా "రివాల్వర్‌కా అండీ, పిస్టల్‌కా?" అని తిరిగి అడుగుతాడు. అడగకపోతే మీరే చెప్పండి. ఎందుకంటే రెండూ 32 బోర్‌వే, రెండూ లోపలికి దూరిపోవచ్చు, కానీ ఒకదానికి బదులు ఇంకొకటి వాడకూడదు.

రెండు తూటాలను అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. రివాల్వర్‌ది పొడవుగా, సుమారు 32 మిల్లీమీటర్లు ఉంటుంది. అడుగున అంచు బయటికి పొడుచుకు వచ్చి గోటికి స్పష్టంగా తగులుతుంది. గుండు, అంటే తూటాలో ముందు ఉండి బయటికి దూసుకెళ్లే భాగం, చాలాసార్లు బూడిదరంగు సీసం. దీని పూర్తి పేరు 32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1896లో తెచ్చింది. కోల్ట్ వాళ్లు పోటీ కంపెనీ పేరు తమ తుపాకీ మీద చెక్కడం ఇష్టంలేక ఇదే తూటాను 32 పోలీస్ అనీ న్యూ పోలీస్ అనీ పిలుచుకున్నారు. కాబట్టి మీ కోల్ట్ మీద ఆ మాట కనిపిస్తే కంగారుపడక్కర్లేదు.

పిస్టల్‌ది 32 ఏసీపీ. సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు, గుండు మీద రాగి తొడుగు, అడుగున అంచు దాదాపు ఉన్నట్టే ఉండదు. గోరు ఆనించి లాగితే సన్నగా తగులుతుంది, అంతే. కొన్ని 32 రివాల్వర్ల గదుల్లోకి, అంటే సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రాల్లోకి, ఇది దిగిపోతుంది కూడా. కానీ దీని ఒత్తిడి పరిమితి 20,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), రివాల్వర్ లాంగ్ తూటాది 15,000. మూడోవంతుకు పైగా ఎక్కువ. నూరేళ్ల నాటి సిలిండర్ మీద ఈ ప్రయోగం వద్దు. "మావాడు కాల్చాడు, ఏం కాలేదు" అన్న మాటకు విలువ లేదు. ఉక్కులో సన్నని పగులు ఒక్క దెబ్బకు కనిపించాలని లేదు.

మూడోది 32 ఎస్ అండ్ డబ్ల్యూ, అంటే పొట్టిది. 1878 నాటిది, గుండును, మందును పట్టి ఉంచే ఇత్తడి గొట్టం సుమారు 15 మిల్లీమీటర్లే. దీన్ని లాంగ్ రివాల్వర్‌లో కాల్చవచ్చు, ప్రమాదం లేదు. కానీ పొట్టివి చాలా కాలిస్తే గదిలో గొట్టం ఆగిన చోట మసి, సీసం ఉంగరంలా పేరుకుని, తర్వాత లాంగ్ తూటా పూర్తిగా దిగదు. అలా బిగిసినప్పుడు వేలితో తోసి సిలిండర్ మూయకండి. శుభ్రం చేశాకే పెట్టండి. పొట్టి తూటా కోసమే చేసిన చిన్న రివాల్వర్‌లో మాత్రం లాంగ్ ఆలోచనే వద్దు.

నాలుగోది పాత కోల్ట్‌లలో కనిపించే 32 కోల్ట్. పేరు దగ్గరగా ఉన్నా గొట్టం ఇంకా సన్నం. అది ఎస్ అండ్ డబ్ల్యూ గదిలో వదులుగా ఊగుతుంది. ఎస్ అండ్ డబ్ల్యూ తూటా కోల్ట్ గదిలో దిగనే దిగదు.

38 రివాల్వర్ ఉన్నవాళ్లకూ ఇలాంటి తంటానే. బ్రిటిష్ కాలపు వెబ్లీ, ఎన్‌ఫీల్డ్‌లకు సరిపోయే 38 ఎస్ అండ్ డబ్ల్యూ వేరు, అందరూ పేరు విన్న 38 స్పెషల్ వేరు. మొదటిది పొట్టి, లావు. రెండోది పొడవు, సన్నం. పాత 38ని ఎవరో ఎప్పుడో గదులు తొలిచి స్పెషల్ పట్టేలా చేసి ఉంటే దాన్ని కాల్చకుండా పక్కన పెట్టండి.

బారెల్ మీద అక్షరాలు అరిగిపోయి ఏ తూటానో తేలకపోతే ఊహించకండి. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్, అంటే తుపాకులు బాగుచేసేవాడు, గదిని కొలిచి చెబుతాడు. పది నిమిషాల పని.

సీసమా, రాగి తొడుగా

బోర్ తేలాక ఇక గుండు ఎంపిక. పెట్టె తెరిపించి గుండు రంగు చూడండి. బూడిదరంగు అయితే సీసం, ఎర్రటి రాగిరంగు అయితే తొడుగు ఉన్నది. లాంగ్ తూటాలో మామూలుగా దొరికేది 98 గ్రెయిన్ల, అంటే సుమారు 6.3 గ్రాముల గుండ్రటి ముక్కు సీసం గుండు. ఈ రివాల్వర్లు తయారైన రోజుల్లో కంపెనీ మనసులో ఉన్నది ఇదే. బారెల్ లోపలి మెలి గాడులు కాస్త అరిగినా మెత్తటి సీసం వాటిలోకి సర్దుకుపోతుంది. వేగం తక్కువ, ఎదురుదెబ్బ తక్కువ, లోపలి భాగాల మీద భారం తక్కువ.

రాగి తొడుగు గుండు గట్టిది. కొత్త రివాల్వర్‌లో ఇబ్బంది లేదు. పాతదానిలో బారెల్ లోపల గుంటలు ఉన్నా, తూటా పాతబడి లోపలి తుపాకిమందు బలహీనమైనా తొడుగు గుండు మధ్యలో ఇరుక్కునే అవకాశం సీసం కంటే ఎక్కువ. శబ్దం "ఠాం" అనకుండా "టప్" మని పేలవంగా వస్తే ఆపేయండి. మూతిని సురక్షితమైన దిక్కుకే ఉంచి, కాసేపు ఆగి, సిలిండర్ ఖాళీ చేసి, బారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడాలి. ఇరుక్కున్న గుండు వెనక ఇంకో తూటా కాలిస్తే బారెల్ ఉబ్బుతుంది, పగులుతుంది కూడా.

ఇంకో రకం వాడ్‌కటర్. గుండు ముక్కు లేకుండా చదునుగా, దాదాపు గొట్టంలోనే కూర్చుని ఉంటుంది. కాగితం మీద గుండ్రటి శుభ్రమైన రంధ్రం పడేందుకు పోటీల్లో వాడతారు. జస్పాల్ రాణా 2006 దోహా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ విభాగంలో చాలామంది షూటర్ల ఎంపిక 32 లాంగ్ వాడ్‌కటరే. మీకు షూటింగ్ రేంజ్ అలవాటు ఉండి, దిగుమతి పెట్టె చేతికి అందితే, పాత రివాల్వర్‌కు ఇంతకంటే మెత్తని తిండి లేదు. అందకపోతే దానికోసం తిరగడం అనవసరం. గుండ్రటి సీసం గుండుతో సరిపెట్టుకోవచ్చు.

దేశీయ తూటాల అడుగున కేఎఫ్ అక్షరాలు కనిపిస్తే అవి పుణే దగ్గరి ఖడ్కీ కర్మాగారంవి. 2021 అక్టోబరు నుంచి అది మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది. నేనైతే దేశీయమా, విదేశీయమా అన్నదాని కంటే పెట్టె మీది తయారీ సంవత్సరం ముందు చూస్తాను. షాపు అరలో ఎండలో, తేమలో ఏళ్ల తరబడి కూర్చున్న ఖరీదైన పెట్టె కంటే ఈమధ్య చేసిన మామూలు పెట్టె నయం.

డీలర్ దగ్గర తొడుగు ఉన్నవే దొరికితే? బారెల్ లోపల శుభ్రంగా ఉండి, రివాల్వర్‌ను గన్‌స్మిత్ చూసి బాగుందన్నాడనుకోండి, మామూలు ఒత్తిడి ఉన్నవి కొన్ని వాడుకోవచ్చు. ఆ రాగిని తీసేందుకు అమ్మోనియా లేని మందులూ ఉన్నాయి, కాకపోతే ఓపిక కావాలి. "ప్లస్ పి" (మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి), "హై వెలాసిటీ" (ఎక్కువ వేగం) అని రాసి ఉన్నవి మాత్రం ఎంత చవకగా ఇచ్చినా పాతదానికి వద్దు.

ఇంట్లో మందు కూరి తూటా చేసుకుంటే చౌక అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం, అంతకుమించి చర్చ అనవసరం. మామిడి తోటలోకి తీసుకెళ్లి "ఒకసారి పేల్చి చూద్దాం" అనడం కూడా అలాంటిదే. వేడుకల్లో గానీ, ఇతరులకు ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా గానీ కాల్చితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా లేదా రెండూ అని 2019 సవరణ చెబుతోంది. పరీక్షించాలంటే రేంజ్‌లోనే.

కాల్చేముందు రివాల్వర్ వయసు

తూటా సరైనదే అయినంత మాత్రాన కాల్చేయవచ్చని కాదు. సిలిండర్ తెరిచి ప్రతి గదీ కంటితో చూసి, వేలితో తడిమి, ఖాళీ అని నిర్ధారించుకున్నాక కొన్ని సంగతులు ఇంట్లోనే గమనించవచ్చు. హ్యామర్‌ను, అంటే వెనక ఉండే చిన్న సుత్తిని, మెల్లగా వెనక్కి లాగితే, అది పూర్తిగా నిలిచేలోపు సిలిండర్ టక్కున తాళం పడాలి. ప్రతి గదికీ విడిగా చూడాలి. ఒక్క గది దగ్గర తాళం పడకుండా ఊగుతూ ఉంటే గది, బారెల్ ఒకే వరసలో లేనట్టు. అలా కాలిస్తే గుండు అంచు చెక్కుకుపోయి సీసం తునకలు పక్కకు చిమ్ముతాయి. వెనక్కి లాగి నిలిపిన హ్యామర్‌ను బొటనవేలితో ముందుకు నెట్టి చూడండి. జారిందా, రివాల్వర్ నేరుగా గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాలి.

పైనుంచి మడత విరిచి తెరిచే చిన్న నికెల్ రివాల్వర్లలో చాలావరకు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కాలం నాటివి. వాటి గొళ్లెం అరిగి వదులైతే నేటి తూటా వేయకుండా జ్ఞాపకంగా ఉంచుకోవడమే మంచిది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పాత రివాల్వర్లలో చాలావాటికి కిందపడితే పేలకుండా ఆపే అడ్డు లోపల ఉండదు. అందుకే అప్పట్లో పెద్దవాళ్లు ఆరు గదులున్నా అయిదే నింపి, హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచేవాళ్లు. ఆ అలవాటు ఇప్పటికీ పాటించాల్సిందే.

ఆత్మరక్షణే ముఖ్యం అనుకునేవాళ్లు పాతదాని మీద ఆధారపడకపోవడం మంచిది. కాన్పూర్‌లో తయారయ్యే దేశీయ 32 రివాల్వర్లు ఉన్నాయి. 2014లో వచ్చిన నిర్భీక్ బరువు అర కిలో చుట్టూ ఉంటుంది, తూటా అదే లాంగ్. అప్పట్లోనే దాని ధర లక్షా ఇరవై వేలు దాటింది. తాతగారిది జ్ఞాపకం, కొత్తది పనిముట్టు అని విడదీసుకుంటే నిర్ణయం సులువు. రెండు ఆయుధాల పరిమితి మాత్రం మరిచిపోవద్దు.

నికెల్ ఎందుకు, ఎలా పాడవుతుంది

1870ల నుంచి రివాల్వర్లకు నికెల్ పూత విరివిగా వేశారు. అప్పటి నల్ల తుపాకిమందు మసి ఉక్కును వెంటనే తుప్పు పట్టించేది, చెమట చేతులు మిగతా పని చేసేవి. స్టెయిన్‌లెస్ స్టీల్‌తో మొదటి రివాల్వర్ వచ్చింది 1965లో. అంతకుముందు తుప్పును తట్టుకునే మార్గాల్లో నికెల్ ఒకటి. మన కృష్ణా తీరపు ఉక్కపోతలో నల్లటి బ్లూయింగ్ (ఉక్కు మీద రసాయనంతో తెచ్చే నలుపు) ఉన్న తుపాకుల కంటే నికెల్‌వి బాగా నిలబడ్డాయంటే కారణం అదే.

అయితే నికెల్ ఉక్కులో కలిసిపోదు, దానిమీద పల్చని పొరగా కూర్చుంటుంది. పొరలో గీత పడిందా, సూదిమొన అంత రంధ్రం ఉందా, తేమ కిందికి దిగి ఉక్కును తినడం మొదలుపెడుతుంది. పైన మెరుస్తూనే ఉంటుంది, కింద తుప్పు పాకుతుంది. కొంతకాలానికి చిన్న బుడిపెలా ఉబ్బి, ఒకరోజు పొలుసులా రాలుతుంది. సాయంత్రం ఏటవాలు వెలుతురులో రివాల్వర్‌ను మెల్లగా తిప్పుతూ చూడండి. సిలిండర్ ముందు అంచు, బారెల్ మూతి, పట్టు చెక్కల పక్క అంచులు, ట్రిగ్గర్ గార్డ్ లోపలి మలుపు మొదట పాడయ్యే చోట్లు. పాలలా మసకబారితే పైపైదే, తుడిస్తే పోతుంది. అంచు గోటికి తగిలితే పూత లేచినట్టే, అక్కడ ఇక రుద్దకూడదు.

మీది కంపెనీ పూతా, తర్వాత ఎవరో వేయించిందా అన్నది కూడా తెలుసుకోవాలి. పాత స్మిత్ అండ్ వెసన్ నికెల్ రివాల్వర్లలో హ్యామర్, ట్రిగ్గర్ మామూలుగా నికెల్ కాదు, మబ్బుమబ్బుగా రంగులు తేలిన గట్టి ఉక్కు. అవి కూడా తళతళలాడుతుంటే, అక్షరాల అంచులు కరిగినట్టు మెత్తగా ఉంటే, మళ్లీ పూత పడిందని అనుమానించాలి. అలా వేసినవాటిలో నికెల్ కింద రాగి పొర ఉండటం మామూలు. అమ్మోనియా రాగిని కరిగిస్తుంది. చిన్న గీతలోంచి లోపలికి దిగి, రాగిని తినేసి, పైన నికెల్‌ను రేకులా లేపుతుంది. కంపెనీ పూతకైనా అమ్మోనియా మంచిది కాదు, మళ్లీ వేసినదానికి మాత్రం అది నేరుగా విషమే.

తుడవడానికి ఏది

ఇంట్లో మొదట చేతికి దొరికేది బ్రాసో. ఇత్తడి గంటలకు, చెంబులకు అద్భుతంగా పనిచేస్తుంది. దానిలో అమ్మోనియా ఉంటుంది, పైగా రుద్దే పొడి ఉంటుంది. నికెల్ రివాల్వర్ దగ్గరికి రానివ్వకండి. చింతపండు, నిమ్మచెక్క, బూడిద కూడా అంతే. అమ్మమ్మలు వాటితో రాగిబిందెలు తళతళలాడించారు, నిజమే. బిందె మీద పోయే పూత లేదు.

బారెల్ శుభ్రంచేసే సాల్వెంట్లలో "కాపర్ రిమూవర్" అని ఉంటే మూత తీసి వాసన చూడక్కర్లేదు, సీసా మీద అమ్మోనియా ఉందో లేదో చదవండి. "బారెల్ లోపల నికెల్ ఉండదుగా, పోస్తే ఏం" అనుకోవచ్చు. లోపల పోసింది మూతి దగ్గర కారుతుంది, సిలిండర్ ముందుకు చిమ్ముతుంది. సీసం గుండ్లు వాడేవాళ్లకు అసలు ఆ సీసా అవసరమే లేదు. రాగిని కరిగించే మందులో తడిపిన గుడ్డ బారెల్‌లో తోస్తే నీలి ఆకుపచ్చ రంగు వచ్చిందంటే రాగి ఉన్నట్టు. సీసం వాడిన బారెల్‌లోంచి వచ్చేది బూడిదరంగు మురికే. దానికి మామూలు నూనె, సరైన సైజు బ్రష్, కాస్త ఓపిక చాలు.

డబ్ల్యూడీ-40 నీటిని తోసేయడానికి బాగుంటుంది, ఆ పేరే దాని నుంచి వచ్చింది. తడిసినప్పుడు మొదటి సాయంగా వాడి తుడిచేయండి. ఏళ్ల తరబడి కాపాడే పూతగా దాన్ని నమ్మకండి, తూటాల మీద మాత్రం ఎప్పుడూ చల్లకండి. కొబ్బరినూనె మర్చిపోండి. కొన్నాళ్లకు జిగురుగా మారి లోపలి స్ప్రింగుల దగ్గర దుమ్మును పట్టి కూర్చుంటుంది. కుట్టుమిషన్ నూనె తేలికపాటి ఖనిజ తైలం, గన్ ఆయిల్ దొరకనప్పుడు లోపలి భాగాలకు ఒకటి రెండు చుక్కలు సరిపోతాయి. గన్ ఆయిల్ దొరికితే అదే.

బయటి పూతకు నూనె కంటే మైనం నయమని నా అభిప్రాయం. నూనె మన ఎండకు జారిపోతుంది, దుమ్మును పిలుస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో రూపొందించిన రినైసాన్స్ అనే సూక్ష్మ స్ఫటిక మైనం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, చిన్న డబ్బా చాలాకాలం వస్తుంది. మెత్తటి నూలు గుడ్డతో పల్చగా రాసి, ఆరాక తుడిస్తే వేలిముద్రల చెమట నేరుగా పూతకు తగలదు.

కాల్చిన తర్వాత సిలిండర్ ముందు భాగాన ప్రతి గది చుట్టూ నల్లటి వలయం ఏర్పడుతుంది. నికెల్ ఉన్నవాళ్లను ఎక్కువ బాధపెట్టేది ఇదే. సీసం తీసే గుడ్డలు దాన్ని ఒక్క క్షణంలో మాయం చేస్తాయి, కానీ ప్రతిసారీ కొంచెం పూతను కూడా అరగదీస్తాయి. నూనె పట్టించి కాసేపు ఉంచి, నైలాన్ టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే ముక్కాలు వంతు పోతుంది. మిగిలిన నీడను వదిలేయండి. ఈ పని భోజనాల బల్ల మీద వద్దు. సీసం మురికి తగిలిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్.

పాత సైనిక తూటాలు కాల్చిన తుపాకీకి ఇంకో లెక్క. వాటి ప్రైమర్లలోని, అంటే తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న మూతల్లోని, రసాయనం ఉప్పు లాంటి మసిని వదులుతుంది, అది గాలిలో తేమను లాక్కుంటుంది. నూనె ఆ ఉప్పును కరిగించదు, నీళ్లు కరిగిస్తాయి. వేడినీళ్ల గుడ్డతో బారెల్, గదులు తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాయాలి. ఈ వరస తిప్పితే పని జరగదు.

మళ్లీ పూత వేయించాలా

అక్కడక్కడా పొలుసు లేచిన రివాల్వర్ చూసి "ఆటోనగర్‌లో బంపర్‌లు మెరిపిస్తున్నారు కదా, ఇదెంత" అన్నమాట రాకుండా ఉండదు. వద్దు. లైసెన్సు లేని షాపులో ఆయుధాన్ని వదిలేయడమే మీకూ వాళ్లకూ నేరం. పైగా పూత వేసేముందు చక్రం మీద బఫింగ్ చేస్తారు, అందులో సీరియల్ నంబరు అరిగిపోతుంది. గుర్తింపు నంబరు చెరిగిన ఆయుధం దగ్గర ఉంటే చట్టం ముందు మీరే జవాబు చెప్పుకోవాలి.

లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ ద్వారా చేయించినా, కంపెనీ పూతతో సగం మెరుస్తున్న పాత రివాల్వర్‌కు సేకర్తలు ఇచ్చే విలువ కొత్త పూతకు ఇవ్వరు. నా సలహా, రాలిన చోట మైనం రాసి ఉన్నది ఉన్నట్టు నిలబెట్టండి. తుప్పు బారెల్ లోపలికో సిలిండర్ గదిలోకో పాకితే మాత్రం అది అందం సమస్య కాదు, బలం సమస్య. కాల్చడం మానేయాలి.

దాచే చోటు

తోలు పౌచ్ చూడటానికి రాజసంగా ఉంటుంది, దాచడానికి పనికిరాదు. తోలు తేమను పట్టుకుంటుంది, తోలు పదునుచేసిన రసాయనాలు లోహాన్ని తింటాయి. బెల్టు గళ్లలో ఏళ్ల తరబడి ఉన్న తూటాలను లాగి చూడండి, ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము గడ్డకట్టి ఉంటుంది. బయట తీసుకెళ్లేటప్పుడు పౌచ్ వాడి, ఇంటికొచ్చాక మైనం రాసిన రివాల్వర్‌ను శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ సంచీ పక్కన పెట్టి, తాళం వేసిన పెట్టెలో ఉంచండి. తూటాలు వేరే తాళం కింద. నికెల్ పూత వేసిన ఇత్తడి గొట్టాల తూటాలు దొరికితే చిలుము బెడద తక్కువ, ధర కాస్త ఎక్కువ. నెలల తరబడి దాచేవాళ్లకే ఆ తేడా పెట్టడం దండగ కాదు.

మనకు ఇంకో ఆచారం ఉంది, ఎన్నికల డిపాజిట్, అంటే ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలను స్టేషన్‌లో అప్పగించడం. 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, లెక్కింపు జూన్ 4న జరిగింది. అంటే రోహిణి కార్తె ఎండలతో సహా రెండున్నర నెలలకు పైగా ఆయుధాలు స్టేషన్ గదుల్లో ఉన్నాయి. అక్కడ ఎవరూ నూనె రాయరు, రాయాలని ఆశించకూడదు కూడా. అప్పగించే ముందు రోజే లోపల పల్చగా నూనె, బయట మైనం పట్టించి, పౌచ్ లేకుండా గుడ్డలో చుట్టి ఇవ్వండి. నంబరు కనిపించేలా, పూత స్థితి తెలిసేలా ఫొటోలు తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు రసీదులోని నంబరు, ఆయుధం మీది నంబరు పోల్చుకుని సంతకం పెట్టండి.

అదే ఏడాది సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు బీరువాల కింది అరలు ఎన్ని రోజులు మునిగాయో ఆ వైపు వాళ్లకు తెలుసు. మురుగునీటిలో మునిగిన రివాల్వర్‌ను అలాగే ఆరనివ్వకూడదు. ఖాళీ చేసి, మంచినీళ్లతో బురద కడిగి, పట్టు చెక్కలు విప్పి, నీటిని తోసే స్ప్రే కొట్టి, తుడిచి, నూనె పట్టించి, వీలైనంత తొందరగా గన్‌స్మిత్‌కు చూపించాలి. లోపలి పక్క పలక మీరే ఊడదీయకండి. స్క్రూ తల చెడితే ఆ గీత ఎప్పటికీ ఉంటుంది. దాచేది పై అరలో పెడితే ఈ తంటా సగం తప్పుతుంది.

మునిగిన తూటాలు, గొట్టం మీద చిలుము లోతుగా తిన్నవి, మెడ దగ్గర పగుళ్లు ఉన్నవి, గుండు వేలితో తిప్పితే తిరిగేవి కాల్చకూడదు. చిలుమును గీకి మెరుగుపెట్టి వాడటం ఇంకా తప్పు, గొట్టం పల్చబడుతుంది. వీటిని కాలవలోనో చెత్తకుండీలోనో వేయకండి, పిల్లల చేతికి చిక్కుతాయి. లైసెన్సు పుస్తకం తీసుకుని డీలర్ దగ్గరికో పోలీస్ స్టేషన్‌కో వెళ్లి అప్పగించండి, ఎన్ని ఇచ్చారో కాగితం మీద రాయించుకోండి. తర్వాత కొత్తవి కొనేటప్పుడు లెక్క అడిగితే ఆ కాగితమే చూపించాలి.